పెన్నా వరదకు ఇల్లు కూలింది, జాబితాలో ‘పాక్షికం’ అని రాశారు. మళ్లీ కట్టుకోవడానికి సాయం రాదా?

మీరు రాసినదాన్ని బట్టి మీది కోవూరు పక్కన మట్టిగోడల ఇల్లు. వీఆర్వో వచ్చినరోజు ఒక గోడే పడివుంది, వారానికి రెండోదీ, కప్పూ కూలాయి. చిక్కంతా ఆ వారంలోనే ఉంది. మట్టిగోడ చాలాసార్లు నీళ్లున్నప్పుడు కాదు, నీళ్లు తీశాక పడుతుంది. అడుగు మెత్తబడి, దూలాల బరువు ఆపలేక కూర్చుంటుంది. ఎన్యూమరేషన్, అంటే నష్టం లెక్క రాసుకోవడం, అప్పటికే అయిపోయి ఉంటుంది.

2022-26 విపత్తు సాయం నిబంధనల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు. పాక్షికమైతే, అదీ కనీసం 15 శాతం నష్టం ఉంటేనే, పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. ‘గుడిసె అని రాస్తే రెట్టింపు వస్తుంది కదా’ అని ఊరుకోకండి, లక్షా ఇరవై వేల అర్హత అక్కడే పోతుంది.

శిథిలాలు ఇప్పుడే ఎత్తేయొద్దు. డోర్ నంబరు, గోడమీది బురదగీత ఒకే ఫొటోలో పడాలి. నాలుగు మూలలూ విడివిడిగా తీయండి, తేదీ, లొకేషన్ పడేలా. తహసీల్దారుకు ఇచ్చే అర్జీలో ‘ఆదుకోండి’ అని కాక, ఏ తేదీన రాసుకున్నారు, అప్పుడు ఏది నిలబడివుంది, ఏ తేదీన ఏది కూలింది అన్నవే రాసి, రీ-ఎన్యూమరేషన్ అడగండి. సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటు వచ్చి చూడాలనీ రాయండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇచ్చి, రసీదు నంబరు దాచుకోండి.

కట్టడం అనుమతి ఉన్నదై ఉండాలన్నది నిబంధన. పొర్లుకట్ట (వరదను ఆపే కరకట్ట) లోపల, ఏటివైపున్న ఇళ్లు ఇక్కడే ఆగిపోతాయి. పట్టా లేకపోతే ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు జతచేయండి, ఒప్పుకుంటారన్న హామీ మాత్రం లేదు.

విజయవాడలో 2024లో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000 ఇచ్చారు కదా అంటున్నారు. అది ఆ వరదకు ప్రత్యేకంగా ప్రకటించిన ప్యాకేజీ. మీ వరదకు ఏ జీవో వచ్చిందో అదే చూడాలి.

ఇంకోటి, ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మీరు రాసిచ్చిన ఖాతాలో కాక, ఆధార్‌కు చివరిగా లింకైన ఖాతాలో పడుతుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతా అయితే వెనక్కి పోవచ్చు. జాబితా ఖరారయ్యేలోపే బ్యాంకులో ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఆధార్‌కు ఇప్పుడు ఏ ఖాతా ముడిపడి ఉందో, అడిగి చూసుకోండి.