గనిలో సెటిలింగ్ పాండ్ కట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

డ్రాయింగు అందింది. దామరచర్ల వైపు సున్నపురాయి గనికి వానలు పడేలోపు సెటిలింగ్ పాండ్, అంటే బురదనీటిని నిలిపి మట్టిని అడుగుకు దింపే గుంత, సిద్ధం చేయాలన్నావు, మంచిదే. కానీ నువ్వు గీసింది పాండ్ కాదు, బావి. ఎనిమిది మీటర్ల లోతు దేనికి? ఎక్స్‌కవేటర్ ఖాళీగా ఉంది కదా అని కిందికి తవ్వుకుంటూ పోవడం మన గనుల్లో పాత జబ్బు. మట్టిని పట్టేది లోతు కాదు, నీటి పైభాగం వైశాల్యం.

లెక్క చూడు. 0.02 మిల్లీమీటర్ల రేణువు నిలకడ నీటిలో సెకనుకు సుమారు 0.36 మిల్లీమీటర్లు దిగుతుంది. వచ్చే ప్రవాహాన్ని ఆ వేగంతో భాగిస్తే ఎంత వైశాల్యం కావాలో తెలుస్తుంది. ఈ లెక్కలో లోతు ఎక్కడా రాదు. తవ్వి పోసిన వ్యర్థపు మట్టి గుట్టలు (డంపులు), రోడ్లు కలిపి 10 హెక్టార్ల నీరు పాండ్‌లోకి వస్తుందనుకో. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడి అందులో సగం పారితే సెకనుకు దాదాపు 0.7 ఘనపు మీటర్లు. భాగిస్తే 1,900 చదరపు మీటర్లు దాటుతుంది. గాలికీ సుడులకూ ఐదో వంతు కలుపు, 2,300 అవుతుంది. అంటే 23 గుంటలు. నీ డ్రాయింగులో ఉన్నది ఆరు!

ఆ 50 మిల్లీమీటర్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్నదే. గనుల పర్యావరణ అనుమతుల్లో మామూలుగా ఉండే షరతు ప్రకారం 50 ఏళ్ల రికార్డుల్లోని గరిష్ఠ వానకు తట్టుకోవాలి, దానిపై మరో 50 శాతం సామర్థ్యం ఉండాలి. మీ అనుమతి పత్రం తెరిచి ఆ వాక్యం నువ్వే చదువు, ఎవరో చెప్పింది నమ్మకు.

స్థలం చాలదంటావా? అయితే నీటినే తగ్గించు. పైపొలాల నుంచి వచ్చే తేట నీటిని గనిలోకి రానీయకుండా పక్క కాలువతో తప్పించి వాగులో కలుపు. డంపు చుట్టూ తవ్వే గార్లండ్ డ్రెయిన్ బురదనీటిని మాత్రమే మోయాలి. ఈ రెండు నీళ్లనూ కలిపేసి, పాండ్ చాలడం లేదని బాధపడేవాళ్లే ఎక్కువ.

ఆకారం పొడవుగా ఉండాలి. పొడవు వెడల్పుకు కనీసం మూడింతలు, వీలైతే ఐదింతలు. నీరు వచ్చే చోటు ఒక కొసన, పోయే చోటు ఇంకో కొసన పెట్టు. రెండూ పక్కపక్కనే ఉంటే నీరు అడ్డదారిన బయటపడుతుంది, మిగతా పాండ్ అలంకారమే. నీరు వచ్చే కొసన చిన్న గుంత ఒకటి విడిగా తవ్వు. ముతక ఇసుక అక్కడే ఆగుతుంది, దాన్ని ఒడ్డు మీది నుంచే యంత్రంతో ఎత్తేయవచ్చు. పూడికకు వదిలిన చోటు పైన ఒకటిన్నర, రెండు మీటర్ల నీరు నిలిస్తే చాలు.

బంకమట్టి సంగతి వేరు. 0.002 మిల్లీమీటర్ల రేణువు ఒక మీటరు దిగడానికి మూడు రోజులు దాటుతుంది. దానికోసం ఊరంత పాండ్ కట్టలేం. మన పెద్దవాళ్లు బిందె అడుగున చిల్లగింజ అరగదీసి నీళ్లు తేటపరిచేవారు, నువ్వు పటిక వాడాలి. ఎంత మోతాదో ముందు సీసాల్లో పరీక్షించి చూసుకో. డంపు మీద గడ్డి పెంచితే ఆ మట్టి కిందికి రాకుండానే పోతుంది, అది ఇంకా చవక.

వాగుకు అడ్డంగా మాత్రం కట్టకు. సున్నపురాయిలో నెర్రెలు ఉంటాయి, నీరు ఎటు పోతుందో తెలియదు. అడుగున పరీక్ష గుంతలు తీసి చూడు. పాండ్ కట్ట పోసే ముందు పైమట్టి తీసేసి, కింద కందకం తవ్వి, 20 సెంటీమీటర్ల పొరలుగా తడిపి రోలర్ తిప్పు. నల్లరేగడి నీటిని ఆపుతుంది కానీ ఎండకు పగులుతుంది, కాబట్టి దాన్ని నడుమ పెట్టి పైన మొరం కప్పు. ఎక్కువైన నీరు పొర్లిపోయే మత్తడిని పోసిన కట్ట మీద పెట్టకు, పక్కన తవ్వని గట్టి నేల మీద పెట్టు, కింద రాళ్లు పరుచు. మత్తడి చాలక నీరు కట్ట మీదుగా పొర్లితే ఎంత గట్టి కట్టయినా తెగుతుంది.

ఇక పూడిక. పాండ్‌లో గుర్తులు గీసిన స్తంభం ఒకటి పాతు. పూడికకు వదిలిన చోటు సగం నిండగానే తీసేయాలి. మృగశిర కార్తె వచ్చేసరికి పాండ్ ఖాళీగా ఉండాలి, వానాకాలం మధ్యలోనూ ఒకసారి చూడు. సెప్టెంబరు దాటింది కదా అని వదిలేయకు. హైదరాబాదును ముంచిన వాన 2020 అక్టోబరులోనే పడింది. మిషన్ కాకతీయ నాటి నుంచి చెరువు పూడిక రుచి తెలిసిన రైతులు ఈ మట్టి కూడా అడుగుతారు. ఇవ్వకు. ఇది రాతిపిండి, ఇందులో పంటకు పనికొచ్చే సారం లేదు. రాయి తీసేసిన గుంతలోకే తిరిగి చేర్చు.

బయటికి పోయే నీటిలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదన్నది నియమం. నమూనా జోరువానలో తీయాలి. ఎండ కాసిన రోజు సీసా నింపితే ఎవరి పాండ్ అయినా పాసవుతుంది.

చుట్టూ కంచె తప్పనిసరి. పూడిక పైకి గట్టిగా కనిపిస్తుంది, గొర్రె కాలు పెట్టినా దిగబడుతుంది, దాని వెనుక వచ్చే పిల్లవాడూ అంతే. ఒడ్డున తాడు, ట్యూబు ఉంచు.

డ్రాయింగు మార్చి, పైపొలాలు కూడా కలిసేలా, నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు మ్యాపుతో పంపు. మత్తడి ఎక్కడ రావాలో గుర్తుపెట్టి ఇస్తాను. అమ్మను అడిగానని చెప్పు.

నీ మామ