గుర్రాల పనికి దుబాయ్ వెళ్తున్నారా? ముందు వీసాలో ఏం రాశారో చూడండి

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. వయసు 26. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఏడేళ్లుగా హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో సైసుగా (గుర్రాలను చూసుకునే పనివాడిగా) చేస్తున్నాను. దుబాయ్‌లో ఒక గుర్రాల లాయంలో గ్రూమ్ పని ఉందని, నెలకు 1,800 దిర్హమ్‌లు, తిండి, రూము ఇస్తారని ఒక ఏజెంట్ చెప్పాడు. మొత్తం 1,40,000 రూపాయలు అడుగుతున్నాడు. 40,000 నగదుగా ఇచ్చాను, రసీదు ఇవ్వలేదు. ముందు విజిట్ వీసా మీద పంపి, అక్కడికెళ్లాక మారుస్తారట. సీజన్‌లో రియాద్‌కి, ఎండాకాలంలో ఇంగ్లండ్‌కి గుర్రాలతో పాటు తీసుకెళ్తారని, దానికి వేరే వీసా అక్కర్లేదని, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంటుందని అంటున్నాడు. గుర్రం తన్ని ఏమైనా అయితే ఎవరు చూసుకుంటారు? మిగతా డబ్బు కోసం అమ్మ ఎకరం పొలం తాకట్టు పెడతానంటోంది. వెళ్లమంటారా? (పేరు రాయవద్దని కోరారు)

జవాబు: ఈ పద్ధతిలో మాత్రం వెళ్లకండి. మీరు నేర్చిన పనికి గల్ఫ్‌లో నిజంగానే గిరాకీ ఉంది. ఏడేళ్లు గుర్రం పక్కన నిలబడ్డ మనిషిని ఏ లాయమైనా కోరుకుంటుంది. అందుకే, సరైన దారిలో వెళ్లగలిగిన మీరు దొంగదారిలో వెళ్లడం నాకు బాధగా ఉంది.

మీరు పది పాస్ కాలేదు కాబట్టి మీ పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కిందికి వస్తుంది. అంటే యూఏఈ, సౌదీ లాంటి దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలస కార్మికుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) అనుమతి కావాలి. ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ అనుమతి లేకుండా ఉద్యోగం కోసం దేశం దాటకూడదు. విజిట్ వీసా తీసుకున్నా, వెళ్లేది పని కోసమే అయితే చట్టం దృష్టిలో అది వలసే. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారికి అనుమానం వస్తే అక్కడే ఆపేస్తారు, అప్పటికే కట్టిన టికెట్ డబ్బు పోతుంది.

అక్కడికి చేరినా టెన్షన్ తీరదు. యూఏఈలో విజిట్ వీసా మీద పనిచేయడం నేరం. పెట్టుకున్న యజమానికి 2024లో జరిమానాను కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హమ్‌లకు పెంచారు. వినడానికి ఇది మనకు మంచిదే అనిపిస్తుంది. కానీ తనిఖీ వచ్చిన రోజు యజమాని చేసే మొదటి పని ‘ఈ మనిషి ఎవరో నాకు తెలియదు’ అనడం. అప్పుడు మీ చేతిలో కాగితం ఉండదు, మీరు దేశం విడిచి రావాల్సి ఉంటుంది.

ఇక అసలు విషయం. మిమ్మల్ని ఏజెంట్ ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుంది, మీరు అతన్ని అడగాలి: నన్ను పెట్టుకునేది కంపెనీయా, ఇల్లా? యూఏఈలో ఇంటి పనివాళ్లకు వేరే చట్టం ఉంది, 2022 నాటి 9వ నంబరు చట్టం. వంటమనిషి, తోటమాలి, డ్రైవర్ ఉన్న ఆ జాబితాలోనే ఇంటి గుర్రాలు చూసే గ్రూమ్ కూడా ఉన్నాడు. అంటే ఒకే పని, ఒకే చీపురు, గుర్రం ఒళ్లు రుద్దే అదే ఖరారా. రేసింగ్ కంపెనీ వీసా ఇస్తే మీరు 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం కిందికి వస్తారు. ఒక అరబాబు (అరబ్ యజమాని) తన ఇంటి పేరు మీద వీసా తీస్తే ఇంటి పనివాళ్ల చట్టం కిందికి వెళ్తారు. పోలీసు, సైన్యం అశ్వదళాల్లాంటి ప్రభుత్వ కొలువైతే ఈ కార్మిక చట్టం వర్తించదు, వాళ్ల నిబంధనలు వేరు.

తేడా ఎంతంటే, కంపెనీ అయితే రోజుకు 8 గంటలు, వారానికి 48. దాటితే ఓవర్‌టైమ్‌కి బేసిక్ (మూల జీతం) మీద 25 శాతం అదనం. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 లోపు చేయిస్తే 50 శాతం. గుర్రాల పని తెల్లవారకముందే మొదలవుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు, కాబట్టి షిఫ్టు పద్ధతిలో చేయించకపోతే ఈ రాత్రి లెక్క మీకు వర్తిస్తుంది. ఇంటి పనివాళ్ల చట్టంలో లెక్క తిరగేసి ఉంటుంది. పని గంటలకు బదులు విశ్రాంతి గంటలు చెప్తుంది: రోజుకు కనీసం 12 గంటలు, అందులో 8 గంటలు ఏకధాటిగా. వారానికి ఒక రోజు జీతంతో సెలవు, ఏడాదికి 30 రోజులు సెలవు, రెండేళ్లకోసారి ఇంటికి టికెట్ ఉంటాయి. అది చెడ్డ చట్టమని నేను అనను. కానీ రేసు లాయంలో పనిచేయాల్సిన మనిషిని ఇంటి వీసా మీద తీసుకురావడం, లేదా ‘తోటమాలి’ అని రాయించడం జరుగుతూ ఉంటుంది. కాగితం మీద ఒక పని, చేతిలో మరో పని ఉన్నప్పుడు దెబ్బ తగిలితే క్లెయిమ్ దగ్గర కష్టం మొదలవుతుంది. కొన్నేళ్ల కింద నా దగ్గరికి వచ్చిన ఒక మనిషి మోకాలు గుర్రం తన్నుకు పగిలింది. కాంట్రాక్టులో అతను తోటపని మనిషి. యజమాని పక్షం వాళ్లు ‘తోటమాలి లాయంలోకి ఎందుకు వెళ్లాడు’ అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు నిరూపించడానికే నెలలు పట్టింది.

మీరు అడిగిన తన్ను సంగతి ఇదే. పనిలో గాయమైతే వైద్యం ఖర్చు యజమానిదే. కార్మిక చట్టంలో చికిత్స సాగినంత కాలం మొదటి ఆరు నెలలు పూర్తి జీతం, తర్వాత ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. ప్రాణం పోతే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం, అది 18,000 దిర్హమ్‌లకు తగ్గకూడదు, 2,00,000 దాటకూడదు. గాయమైన రోజే రాతపూర్వకంగా తెలియజేయండి, ఆసుపత్రి కాగితంలో ‘పనిలో గుర్రం తన్నింది’ అని రాయించుకోండి. ‘జారి పడ్డాడు’ అని రాస్తే తర్వాత మార్చడం చాలా కష్టం.

‘బేసిక్’ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1,800 దిర్హమ్‌లు అని నోటితో చెప్పి, కాంట్రాక్టులో బేసిక్ 1,000, మిగతా 800 అలవెన్సులు అని రాయడం మామూలు. నెల నెలా చేతికొచ్చేది అంతే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ పని మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే: మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల జీతం. నాలుగేళ్లు చేసి వస్తే బేసిక్ 1,000 మీద 2,800 దిర్హమ్‌లు, 1,800 మీద 5,040. ప్రాణం పోయినప్పుడు వచ్చేది 24,000 బదులు 43,200. ఓవర్‌టైమ్ కూడా దీని మీదే. సంతకం పెట్టే ముందు బేరమాడాల్సింది ఈ అంకె దగ్గరే.

ఆఫర్ లెటర్ మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నది అక్కడి నియమం. హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళంలో నమూనాలు ఉన్నాయి, తెలుగు లేదు. ఇన్ని వేల మంది మనవాళ్లు వెళ్తున్న దేశంలో మన భాషకు చోటు లేకపోవడం నాకు ఎప్పుడూ గుచ్చుకునే విషయం. మలక్‌పేటలో ఇన్నేళ్లు ఉన్నారు కాబట్టి హిందీ చెబితే అర్థమవుతుంది. హిందీ కాపీ అడిగి, చదవగలిగిన వాళ్లతో ప్రతి లైనూ చదివించుకోండి.

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుందన్న మాట తప్పు. రెండు చట్టాలూ దాన్ని నిషేధించాయి. గుర్రాలతో దేశాలు తిరిగే మనిషికైతే అది మరీ ముఖ్యం. విమానాశ్రయంలో గుర్రం కాగితాలు వేరు, మీ కాగితాలు వేరు. గుర్రానికి దాని పాస్‌పోర్టు, ఆరోగ్య ధ్రువపత్రం ఉంటాయి. అవి మీకు వీసా కావు. ‘గుర్రం మనిషికి వీసా అక్కర్లేదు’ అని ఏజెంట్ చెప్పింది పచ్చి అబద్ధం. భారతీయ పాస్‌పోర్టుతో ఇంగ్లండ్ వెళ్లాలంటే బ్రిటన్ వీసా, రియాద్ వెళ్లాలంటే సౌదీ వీసా తప్పనిసరి. దుబాయ్‌లో నివాస వీసా ఉన్నంత మాత్రాన అవి రావు. దుబాయ్ సీజన్ నవంబరులో మొదలై మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో ముగుస్తుంది. ఎండలు ముదిరాక గొడాల్ఫిన్ లాంటి పెద్ద లాయాలు గుర్రాలను ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌కి తరలిస్తాయి. ఫిబ్రవరిలో రియాద్‌లో సౌదీ కప్ ఉంటుంది. కాబట్టి ప్రయాణం మాట అబద్ధం కాకపోవచ్చు. మీరు అడగాల్సింది ఏ హోదాలో తీసుకెళ్తారని. మామూలు విజిటర్ వీసా మీద ఇంగ్లండ్‌లో అక్కడి లాయం సిబ్బంది స్థానంలో నెలల తరబడి పనిచేయడం కుదరదు. పట్టుబడితే పేరు మీది, మచ్చ మీ పాస్‌పోర్టుకి. ఆ తర్వాత ఏ దేశం వీసా ఫారం నింపినా ఆ ప్రశ్న ఎదురవుతుంది.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. యూఏఈ బయట వరుసగా ఆరు నెలలు దాటి ఉంటే అక్కడి నివాస వీసా మామూలుగా రద్దవుతుంది. ఎండాకాలమంతా న్యూమార్కెట్‌లో ఉంచి, తిరుగు టికెట్ ఆలస్యం చేస్తే మీ ఉద్యోగమే ఊగిసలాడుతుంది. కాబట్టి ప్రయాణాల సంగతి కాంట్రాక్టులో గానీ, కంపెనీ లెటర్‌హెడ్ మీద విడిగా గానీ రాయించుకోండి: వీసా ఖర్చు, రానుపోను టికెట్, అక్కడి బస, రోజువారీ భత్యం, ఎన్ని రోజులు, విమానంలోనూ క్వారంటైన్‌లోనూ గుర్రాల దగ్గర కాపలా ఉన్న గంటలు పని గంటలుగా లెక్కిస్తారా, ప్రమాద బీమా యూఏఈ బయట కూడా చెల్లుతుందా. కార్గో విమానంలో బెదిరిన గుర్రం పక్కన నిలబడటం లాయంలో నిలబడటం కంటే ప్రమాదం. బీమా పాలసీ ‘యూఏఈ పరిధిలో మాత్రమే’ అని ఉంటే ఆ కొన్ని గంటలు మీకు ఏ రక్షణా లేనట్టే.

ఇక్కడే ఎమిగ్రేషన్ అనుమతి విలువ తెలుస్తుంది. ఆ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరిగా వస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను ఉంటే అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. యజమాని మారినా, దేశం మారినా ఇది చెల్లుతుంది. విజిట్ వీసా మీద వెళ్లిన వాడికి ఇది ఉండదు.

సామాను గురించి ఒక మాట. మలక్‌పేటలో వాడే గుర్రపు మందులు, నొప్పి తైలాలు ఏవీ వెంట తీసుకెళ్లకండి. గుర్రానికి చేసే పరీక్షలో నిషేధిత మందు తేలితే విచారణ ముందు మీ సంచి దగ్గరికే వస్తుంది. ట్రమడాల్, కోడీన్ ఉన్న మాత్రలపై యూఏఈలో కఠిన నియంత్రణ ఉంది. అమ్మ కట్టిచ్చే మసాలా పొట్లంలో గసగసాలు లేకుండా చూసుకోండి, అక్కడ అవి మాదకద్రవ్యాల నిషేధం కిందికి వస్తాయి. వాటి వల్ల జైలుకెళ్లిన వాళ్లున్నారు.

రేపు సరిగ్గా వెళ్లాక జీతం ఆగినా, కొట్టినా, ఖల్లివల్లి కావద్దు. చెప్పకుండా పారిపోతే ‘పరారీ’ కేసు పెడతారు, ఏడాది పాటు కొత్త వర్క్ పర్మిట్ రాదు. ముందు అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయండి, తర్వాత బయటికి రండి. ఫిర్యాదుకు ఫోన్ 80084. భారత కాన్సులేట్ సహాయ కేంద్రం 80046342 ఉచితం. లక్ష దిర్హమ్‌ల లోపు క్లెయిమ్‌కు కార్మికుడి దగ్గర కోర్టు ఫీజు తీసుకోరు.

ఇప్పుడు మీరిచ్చిన 40,000. ముందు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెంట్ పేరు, లైసెన్సు నంబరు ఉన్నాయేమో చూడండి. లేకపోతే అతను చేస్తున్నదే నేరం. ఎమిగ్రేషన్ చట్టం 10, 24 సెక్షన్ల కింద రెండేళ్ల వరకు జైలు. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం కేసు అయితే ఏడేళ్ల వరకు. ఎమిగ్రేషన్ చట్టం కేసుకు కేంద్రం అనుమతి కావాలంటారు, నిజమే, కానీ వెళ్లాలనుకున్న వ్యక్తి గానీ, అతని తల్లిదండ్రులు, భార్య, తోబుట్టువులు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. ఈ మాట స్టేషన్‌లో గట్టిగా చెప్పండి. రసీదు లేదని భయపడకండి. డబ్బు ముట్టినట్టు ఒప్పుకున్న వాట్సాప్ మెసేజ్, వాయిస్, ఇచ్చినప్పుడు పక్కనున్న మనిషి, ఆ రోజు బ్యాంకు నుంచి తీసిన మొత్తం, ఇవన్నీ సాక్ష్యాలే. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ముందు లాయరు నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. చాలాసార్లు అక్కడితోనే డబ్బు తిరిగొస్తుంది.

అమ్మగారి పొలం తాకట్టు పెట్టొద్దు. లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగలిగిన సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400, అదీ బ్యాంకు ద్వారా, రసీదుతో. ఎమిగ్రేషన్ అనుమతి రుసుము 200. బీమా పైన చెప్పినంత. రిక్రూట్‌మెంట్, వీసా ఖర్చులు యూఏఈ చట్టం ప్రకారం యజమానివి, కార్మికుడి మీద వేయకూడదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా పేరు నమోదు చేసుకోండి. సైసు పనిలో ఏడేళ్ల అనుభవం ఉందని మీ ట్రైనర్ దగ్గర ఒక లెటర్ తీసుకుని ఈ వారంలోనే వెళ్లండి. మీరు ఇచ్చిన 40,000 తిరిగొస్తే చట్టబద్ధమైన దారికి దాదాపు అదే సరిపోతుంది.