తేదీ లేని నీటిమట్టం

అమలాపురం,
12 ఆగస్టు 2024, సోమవారం, ఉదయం 9 గంటలు

అమ్మాయీ,

స్థానిక పత్రికల వెబ్‌సైట్ల మీద నీ వ్యాసం, దాంతోపాటు పంపిన రెండు నమూనా పేజీలు చేరాయి. గోదారి వరదలో లంకలోంచి పశువుల్ని పడవ మీద గట్టుకు తెచ్చే నాలుగు వాక్యాలు బాగున్నాయి. మెచ్చుకోలు ఇంతటితో సరి. ఆ నాలుగు వాక్యాల నెత్తిన నువ్వు పెట్టిన శీర్షిక చూశాక నాకు కోపం ఆగలేదు: “నేడు రెండో ప్రమాద హెచ్చరిక.”

నేడంటే ఏ నేడమ్మా? పైనుంచి కిందిదాకా వెతికాను. తేదీ లేదు, ఊరు లేదు. ఫొటో కింద బూడిదరంగులో “3 గంటల క్రితం” అని మాత్రం ఉంది. నువ్వు పంపింది కాగితం మీద తీసిన ప్రింటు. ఆ మూడు గంటలు వారం రోజులుగా నా బల్ల మీద మూడు గంటలుగానే కూర్చున్నాయి.

అచ్చు పత్రికలో “నేడు” అని ధైర్యంగా రాయొచ్చు. ప్రతి పేజీ నెత్తినా తేదీ, వారం, ఎడిషన్ పేరు ఉంటాయి. విలేకరి రాసిన “నేడు” ఆ గీత మీద ఆనుకుని నిలబడుతుంది. వెబ్‌లో ఆ గీత ఉండదు. పాఠకుడు నీ మొదటి పేజీ గుమ్మంలోంచి రాడు. బంధువుల వాట్సాప్ గ్రూపులో పడ్డ లింకు నొక్కి నేరుగా వార్త నట్టింట్లో దిగుతాడు. అతనికి ఆ వార్తే మొదటి పేజీ. కాబట్టి ప్రతి వార్తా తన తేదీని, తన ఊరిని తనే మోసుకు తిరగాలి. నీ వ్యాసంలో రంగుల గురించి రెండు పేజీలు రాశావు, దీని గురించి ఒక్క ముక్క లేదు.

“రేపు కరెంటు కోత” అన్న వార్త పోయినేడాదిది ఇవాళ చేతికొస్తే నష్టం మిక్సీ ఆడకపోవడమే. వరద అలా కాదు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, 10 లక్షల క్యూసెక్కులకు. రెండోది 13.75 అడుగులు, 13 లక్షలు. మూడోది 17.75 అడుగులు, 17 లక్షలు. నువ్వు 13.75 అని పెద్దక్షరాల్లో వేశావు. ఎక్కుతున్న 13.75, దిగుతున్న 13.75 ఒకటేనా? ఎక్కుతుంటే లంకవాళ్లు మూటలు కట్టుకుంటారు, దిగుతుంటే ఇంటికి బయల్దేరతారు. అంకె అదే, చేసే పని తలకిందులు. ఎన్నిగంటల కొలతో చెప్పకుండా నీటిమట్టం వేయడం కంటే అసలు వేయకపోవడం నయం.

నీటిమట్టం చూపే పెట్టెలో ఇవి ఉండాలి: చోటు, అడుగులు, క్యూసెక్కులు, ఎన్నిగంటలకు తీసిన కొలత, పెరుగుతోందా తగ్గుతోందా, ఎవరు చెప్పారు. ఆరూ లేకపోతే పెట్టె తెరవకు. నీ పట్టికలో భద్రాచలాన్నీ ధవళేశ్వరాన్నీ ఒకే వరసలో పెట్టి “నీటిమట్టం” అని ఒకే తలకట్టు తగిలించావు. భద్రాచలం హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. ఆ కొలబద్ద వేరు, ఈ కొలబద్ద వేరు. పక్కపక్కన పెడితే 48 ఎక్కడ, 13 ఎక్కడ అని చదివేవాడు తికమకపడతాడు. చోటుకో పెట్టె కట్టి, ప్రతి అంకె పక్కనా ఆ చోటి హెచ్చరిక మట్టం రాయి.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఆ ఫొటోలు, వీడియోలు గోదారి ఎర్రబడిన ప్రతిసారీ కొత్తవాటిలా తిరుగుతాయి. కింద క్యాప్షన్లో “ఫైల్ ఫొటో” అని రాస్తే చాలదు. ఫొటో ఒంటరిగా ప్రయాణం చేస్తుంది, క్యాప్షన్ ఇంట్లోనే ఉండిపోతుంది. పాత ఫొటో వాడక తప్పనప్పుడు ఆ మాట, నెల, సంవత్సరం బొమ్మ మీదే, మూల కత్తిరించినా పోనిచోట పడాలి.

ఇక తేదీ వేసే పద్ధతి. శీర్షిక కింద మొదటి వరసలో ఊరు, మండలం. రెండో వరసలో పూర్తి తేదీ, గంట. మార్పు చేస్తే “మార్చిన సమయం” విడిగా, మొదటి సమయం చెరపకుండా. తర్వాత విలేకరి పేరు. ఆ తర్వాతే ఫొటో. “క్రితం” లెక్క వేసే ప్లగిన్ (సైటుకు తగిలించే చిన్న ప్రోగ్రాం) పీకెయ్. సైటు వేగం కోసం పేజీల నకళ్లు దాచి చూపిస్తారు. దాచిన నకలులో మూడు గంటలు ఎప్పటికీ మూడు గంటలే. వర్డ్‌ప్రెస్ వాడుతున్నావు కాబట్టి సెట్టింగుల్లో టైమ్‌జోన్ చూడు. కోల్‌కతా అని ఎంచకుండా యూటీసీలోనే, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలోనే, వదిలేస్తే ప్రతి వార్తా అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. తెల్లవారుజామున 4 గంటలకు పెట్టిన హెచ్చరిక ముందురోజు రాత్రి పదిన్నర నాటిదై కూర్చుంటుంది.

వరద రోజున గంటకో కొత్త వార్త పెట్టకు. ఒకే పేజీ, ఒకే లింకు. కొత్త కొలత పైన, పాతవి కింద, ప్రతిదానికీ గంట. గ్రూపులో పొద్దున్న పంచిన లింకే సాయంత్రం నొక్కినా తాజా కొలతే కనిపించాలి. విడివిడిగా పదకొండు వార్తలు పెడితే పదకొండూ ఊరి మీద తిరుగుతాయి, అందులో పది పాతవి. క్లిక్కులు పోతాయని ఎడిటర్లు గోల పెడతారు. పెట్టనీ.

ఊరి సంగతి. నీ మెనూలో “తూర్పు గోదావరి” కింద అమలాపురం ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అమలాపురం కోనసీమ జిల్లా కేంద్రం. తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం, పశ్చిమకు భీమవరం, కాకినాడ, ఏలూరు విడి జిల్లాలు. రేపు మళ్లీ గీతలు మారినా మారతాయి. అందుకే వార్తకు జిల్లా పేరు అంటించకు, మండలం పేరు అంటించు. మండలాన్ని ఏ జిల్లా గుత్తిలో చూపాలో మెనూలో ఒక్కచోట మారిస్తే పాత వార్తలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. మండలం లేకుండా ఊరు రాసినా ముప్పే. గోపాలపురం అంటే రావులపాలెం మండలంలో ఒకటుంది, తూర్పు గోదావరిలో మండల కేంద్రం ఒకటుంది.

పేరు వరస కూడా కుదురుగా ఉంచు. 2015లో రాజమండ్రి రాజమహేంద్రవరం అయింది గానీ జనం నాలుక మీదా, వెతుకులాట పెట్టెలోనూ రాజమండ్రే. ట్యాగు ఒక్కటే పెట్టి, రెండో పేరుతో వెతికినా అక్కడికే చేరేలా చెయ్యి. “ధవళేశ్వరం”, “దవళేశ్వరం”, “ధవళేశ్వరము” అని నీ రెండు పేజీల్లోనే మూడు ఉన్నాయి. యంత్రానికి అవి మూడు ఊళ్లు.

లింకుల్ని తెలుగులో పెట్టానని గర్వంగా రాశావు. భాషాభిమానం మెచ్చదగ్గదే, వాట్సాప్‌లో అతికించి చూశావా? యంత్రానికి అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, సున్న ఒక్కోటీ ఒక్కో సంకేతం. వెబ్ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. లింకు నకలు తీసినప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే సంకేతానికి తొమ్మిది. “ధవళేశ్వరం” అనే తొమ్మిది సంకేతాల మాట ఎనభై ఒక్క అక్షరాల చెత్తగా మారుతుంది. శీర్షికంతా అలా పెడితే ఫోను తెర నిండిపోతుంది, చూసినవాడు వైరస్సేమో అనుకుంటాడు. లింకులో ఊరు, విషయం, తేదీ ఇంగ్లిషు అక్షరాల్లో చిన్నగా పెట్టు. తెలుగు అభిమానం వార్తలో చూపించు.

శీర్షికల దగ్గర నాకు పాత పగ ఒకటుంది. ప్రాస కుదరాలనీ, రెండు ముక్కల్లో పేలాలనీ పట్టుబట్టే ఎడిటర్ల కాలం అచ్చులో నడిచింది. “గోదారి ఉగ్రరూపం”, “లంకలు విలవిల”. అచ్చులో పక్కన షోల్డర్, కింద డెక్ అని చిన్న ఉపశీర్షికలు ఉండేవి కాబట్టి అసలు సంగతి అవి చెప్పేవి. వెబ్‌లో శీర్షిక ఒక్కటే ఊరేగుతుంది. ఏడెనిమిది మాటల్లో ఊరు, సంగతి, ఎప్పుడన్నది రావాలి: “ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక: సోమవారం ఉదయం 6కి 13.75 అడుగులు.” అందం లేదంటావా? లేదు. పనికొస్తుంది.

మొదటి పేజీలో శీర్షికలు తోక తెగి కనిపిస్తున్నాయి: “ధవళేశ్…”. ఇన్ని సంకేతాల తర్వాత కత్తిరించమని యంత్రానికి చెప్తే అది పొల్లు దగ్గరో ఒత్తు దగ్గరో కోసేస్తుంది. ఆరు సంకేతాల దగ్గర కోస్తే “ధవళేశ్”, అయిదు దగ్గర కోస్తే “ధవళేశ”. కోయకు. రెండు మూడు వరసల్లోకి దిగనివ్వు, లేదా మొదటి పేజీకి చిన్న శీర్షిక విడిగా రాయి. అది సబ్ ఎడిటర్ చేసే పని.

అక్షరాల విషయంలో నీ నమూనా ఇంగ్లిషు సైటు చొక్కా తొడుక్కుంది. వరసల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.3 రెట్లు పెట్టావు. ఇంగ్లిషుకు సరిపోతుంది, మనకు కింద ఒత్తులు, పైన గుడులు ఉన్నాయి. “రాష్ట్రం” ఒత్తులు దిగి కింద వరస తలకట్టును తన్నుతున్నాయి. 1.7 పెట్టు. ఒళ్లు అక్షరం, అంటే శీర్షిక కింద వార్త రాసే అక్షరం, 18 పిక్సెళ్లకు తగ్గనివ్వకు. శీర్షిక పెట్టెకు ఎత్తు బిగించి మిగిలింది దాచెయ్యమన్నావు, అందుకే ఒత్తులు నడుముకి తెగాయి. ఎత్తు వదిలెయ్. మండలి ఫాంటు ఒంటికి బాగుంటుంది, కానీ దానికి ఒక్క మందమే ఉంది. బోల్డు అడిగితే బ్రౌజరు తనే మందం పూస్తుంది, ఒత్తులు ముద్దవుతాయి. శీర్షికకు మొదటినుంచీ లావుగా గీసిన రామభద్ర తీసుకుని, దాన్ని మళ్లీ బోల్డు చేయకు. నోటో సెరిఫ్ తెలుగులో మందాలు చాలా ఉన్నాయి, ఒక్క కుటుంబంతో సరిపెట్టుకోవాలంటే అదీ మంచిదే. ఇటాలిక్ జోలికి పోకు. వాలిన తెలుగు అక్షరం గాలివానకు పడ్డ కొబ్బరిచెట్టులా ఉంటుంది. రెండు అంచులూ సమం చేసే అలవాటు అచ్చు కాలమ్‌ది. 360 పిక్సెళ్ల ఫోనులో మన పొడుగు సమాసాలతో సమం చేస్తే మాటల మధ్య కాలువలు తెగుతాయి. ఎడమ అంచు కుదురుగా ఉంటే చాలు.

కంట్రిబ్యూటర్ల దగ్గర్నుంచి కాపీ ఇంకా “అను” అనే పాత డీటీపీ ఫాంట్లలో వస్తే, దాన్ని యూనికోడ్‌కు మార్చకుండా అతికించకు. అవి ఇంగ్లిషు అక్షరాల గళ్లలో కూర్చున్న తెలుగు బొమ్మలు. వెబ్‌లో తల్లకిందుల ఇంగ్లిషుగా తేలతాయి. మార్చాక మధ్యలో ఉన్న అసలు ఇంగ్లిషు మాటలు, అంకెలు, కొటేషన్లు ముందు చూడు. 13.75లో చుక్క ఎగిరిపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

తిరిగే అయిదు బొమ్మల పలక తీసెయ్. నీటిమట్టం మూడో బొమ్మ మీద పెట్టావు. అది వచ్చేసరికి పాఠకుడి వేలు పేజీ అడుక్కి చేరుతుంది. ఎర్ర “బ్రేకింగ్” పట్టీ కూడా. టీవీ వాళ్ల జబ్బు మనకెందుకు అంటించుకోవాలి? ప్రకటనలు వద్దనను, జీతాలు అవే ఇవ్వాలి. 300×250 పిక్సెళ్ల ప్రకటన వచ్చేచోట ఆ ఎత్తు ముందే ఖాళీగా ఉంచు. ఉంచకపోతే చదువుతున్న వాక్యం ఒక్క గెంతు కిందికి దూకి, వేలు ప్రకటన మీద పడుతుంది. ఈ గెంతులకు గూగుల్ వేసే స్కోరు 0.1 లోపు ఉంటేనే బాగున్నట్టు లెక్క. ఫొటోలకూ వెడల్పు, ఎత్తు రాసిపెట్టు. వాట్సాప్‌లో కనిపించే బొమ్మ 1200×630, బరువు 300 కేబీ లోపు. అసలు విషయం నట్టనడుమ ఉంచు, కొన్నిచోట్ల పక్కలు కోసి చతురస్రం చేస్తారు.

ధరల పట్టికను బొమ్మగా పెట్టావు. అంబాజీపేట కొబ్బరి ధర వెతికేవాడికి బొమ్మలోని అంకె దొరకదు, చూపు లేనివాడికి ఫోను చదివి వినిపించలేదు. అక్షరాల్లో పెట్టు, మూడు నిలువు వరసలు మించకుండా. ప్రతి ధరకూ కొలమానం ఉండాలి: కొబ్బరి వెయ్యి కాయలకు, ధాన్యం 75 కిలోల బస్తాకు, రొయ్య ఏ కౌంటుకో, అంటే కిలోకు ఎన్ని తూగుతాయో. 30 కౌంటు ధర, 100 కౌంటు ధర ఒకటి కావు. పట్టిక నెత్తిన, మళ్లీ చెప్తున్నాను, తేదీ.

పేజీ అడుగు ఖాళీగా వదిలేశావు. అచ్చు పత్రిక చివర ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ అంటూ ఒక వరస ఉంటుంది చూడు, వెబ్‌లో దాని చోటు అది. 2021 ఐటీ నియమాల ప్రకారం వార్తా సైటు ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైట్లో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. సవరణ వేస్తే ఏది తప్పు, ఏది ఒప్పు, ఎప్పుడు దిద్దారు అని ఆ వార్త నెత్తినే వెయ్యి. వేరే మూలన “సవరణలు” అని ఒక గది కట్టి అందులో పాతిపెట్టకు.

యాప్ గురించి, సైటు రంగు గురించి కూడా అడిగావు. అవి తర్వాత.

నమూనా మళ్లీ గీసి ఈసారి లింకు పంపు, కాగితం వద్దు. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) కోసం నిలబడి, సిగ్నలు ఒక్క గీత ఉన్నప్పుడు తెరిచి చూస్తాను.

ఇట్లు,
పాత డెస్కు మనిషి