ఇంగ్లండ్‌లో పక్షుల వేట పల్లెకు నిజంగా మేలు చేస్తుందా?

చేస్తుంది. కాకపోతే ఆ మేలు తుపాకీది కాదు, గట్టుది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దగ్గర వేట అంటే కేసే కాబట్టి, ముందు అక్కడి పద్ధతి. ఫెజంట్‌ను (కోడి జాతి వేట పక్షి) అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకానే కొట్టాలి. ఆదివారాలు, క్రిస్మస్ నాడు కుదరదు. షాట్‌గన్ సర్టిఫికెట్ పోలీసులిస్తారు, అయిదేళ్లు చెల్లుతుంది. సాధారణంగా ఎనిమిది మంది వరసగా పాతిన పెగ్గుల దగ్గర (తాగేది కాదు, నంబరేసిన కర్ర) నిలబడతారు. అవతల మనుషులు పొదలు తట్టుకుంటూ పక్షుల్ని లేపుతారు. పక్షి కిందుగా వచ్చిందా, కొత్తవాడు దాని వెంటే గొట్టాన్ని తిప్పి పక్కవాడి మీదికి తెస్తాడు. పక్షి వెనక ఆకాశం కనబడితేనే కాల్చాలి. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ఊపు ఆపితే గుళ్లు తోక వెనకాలే పోతాయి. హారన్ మోగి ఆట ఆగాక, గొట్టాలు ఖాళీ అని అందరికీ కనబడేలా తుపాకీ తెరిచి పట్టుకోవాలి.

ఇక గట్టు. వేటకు పక్షులు కావాలంటే వాటికి తిండి, చోటు ఉండాలి కాబట్టి, పెద్ద గోధుమ చేను మధ్య 40 సెంటీమీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పున మట్టి ఎగదోసి, దుబ్బు కట్టే గడ్డి చల్లుతారు. చలికాలం పురుగులు అందులో తలదాచుకుని, ఎండలు రాగానే చేలోకి దిగి పేనుబంకను తింటాయి. రెండు చివరలా ట్రాక్టర్ తిరిగే జాగా వదలకపోతే రైతు దాన్ని దున్నిపారేస్తాడు. కౌజు పిల్లలకు మొదటి రెండు వారాలూ పురుగులే తిండి, అందుకని చేను అంచున ఆరు మీటర్లు మందు కొట్టకూడదు. ససెక్స్‌లో ఆరుండెల్ దగ్గర దాదాపు కనుమరుగైన కౌజులు ఇలాంటి గట్లు, పొదల కంచెలు, నక్కల అదుపుతోనే మళ్లీ పెరిగాయి.

నాకు ఒళ్లు మండేది డ్రమ్ముల విషయంలో. సీజన్ అయిపోగానే వేట నడిపే కొన్ని ఎస్టేట్లు పక్షుల మేతకు గోధుమలు పోసే డ్రమ్ములు ఎత్తేస్తాయి. కంచెల్లో గింజ నిండుకునేది సరిగ్గా అప్పుడే! ఏప్రిల్ చివరిదాకా పోస్తే ఫెజంట్‌తోపాటు యెల్లోహామర్ లాంటి చిన్న పిట్టలూ గట్టెక్కుతాయి. ఏ ఎస్టేట్‌నైనా మెచ్చుకునేముందు మార్చిలో ఒకసారి ఆ డ్రమ్ము మూత తీసి చూడండి.

రోజుకు మూడొందల పక్షులు పడాలని డబ్బు కట్టేవాళ్లకు ఇదేం పట్టదు. వాళ్ల కోసం వేసవిలో పెంపుడు ఫెజంట్లను అడవిలో దడి కట్టిన చోట కుక్కుతారు. ఆ దడిలో హెక్టారుకు వెయ్యి మించితే, పాత అడవిలో ఏడొందలు మించితే, నేలమీది పూలమొక్కలు తొక్కిడికే పోతాయి.