ఫ్లాప్స్ దించితే విమానం పైకెందుకు లేస్తోంది?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. హాస్టల్ గదిలో కంప్యూటర్ మీద బోయింగ్ 737-800 నడుపుతుంటాను. శంషాబాద్‌లో ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో సంకేతాలు) పట్టుకుని దిగేటప్పుడు ప్రతిసారీ ఇదే తంతు. ఎత్తు చూపే ఆల్టిమీటర్ 3,000 అడుగులు అంటుంది, ఇంకా టైముంది కదా అనుకుంటాను. స్పీడేమో 190 నాట్లు ఉంటుంది. గబగబా ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దిగే పలకలు) 15 నుంచి 30కి లాగితే విమానం పైకి లేస్తుంది. ముక్కు కిందికి వంచితే స్పీడు ఎర్ర గళ్ళ పట్టీలోకి (హద్దు మించిన వేగంలోకి) పోతుంది. ఇంజిన్లు ఐడిల్‌లో (అతి తక్కువ శక్తిలో) పెట్టి ఈ గొడవలో ఉండగానే స్టిక్ షేకర్ (స్పీడు మరీ పడిపోతోందని కంట్రోల్ కాడను వణికించే హెచ్చరిక) మొదలవుతుంది. ఫ్లాప్స్ ఎప్పుడు, ఎంత దించాలి?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: బాబూ, ముందు ఆ 3,000 అడుగుల సంగతి చూద్దాం. శంషాబాద్ రన్‌వే సముద్రమట్టానికి 2,000 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. అంటే అక్కడ ఆల్టిమీటర్ 3,000 చూపించేసరికి మీ కింద మిగిలింది వెయ్యి అడుగులే. మూడు డిగ్రీల వాలు మీద రన్‌వే ఇక మూడు మైళ్ళ దూరంలో ఉంది. 190 నాట్లతో వస్తే దాదాపు నిమిషంలో నేల తగులుతుంది. ఎయిర్‌లైన్లలో మామూలుగా ఆ వెయ్యి అడుగుల దగ్గరికే చక్రాలు, ల్యాండింగ్ ఫ్లాప్స్, స్పీడు అన్నీ కుదిరిపోయి ఉండాలి. కుదరకపోతే గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి వెళ్ళిపోవడం. మీరు పని మొదలుపెడుతున్న చోట పని ముగిసి ఉండాలన్నమాట. గన్నవరంలోనో విశాఖలోనో అలవాటైన వాళ్ళు ఇక్కడ తరచూ పొరబడతారు. అక్కడ ఆల్టిమీటర్ అంకె, నేల నుంచి ఎత్తు దాదాపు ఒకటే.

ఇక పైకి లేవడం. ఫ్లాప్ దిగితే రెక్క వంపు పెరుగుతుంది, అదే స్పీడులో ఎక్కువ లిఫ్ట్ పుడుతుంది. 190లో ఉన్న విమానానికి ఒక్కసారిగా అంత లిఫ్ట్ ఇస్తే లేవక ఏం చేస్తుంది? పైగా 737-800లో ఫ్లాప్స్ 30కి హద్దు 175 నాట్లు. మీరు లాగిన క్షణానే హద్దు దాటారు.

నేను కొత్తగా సిమ్యులేటర్ ఎక్కిన రోజుల్లో సరిగ్గా మీరు చేసిన పనే చేశాను. శిక్షణ ఇచ్చే ఆయన ఫ్రీజ్ బటన్ నొక్కారు, రన్‌వే దీపాలు అద్దంలో బొమ్మలా ఆగిపోయాయి. "ఫ్లాప్స్ ఎందుకు దించారమ్మా?" అన్నారు. "స్పీడు తగ్గడానికండీ" అన్నాను. ఆయన నా చెయ్యి లీవర్ మీదే ఉంచి 15 దగ్గర గేటు తగిలించారు. ఆ లీవర్‌కి 1 దగ్గరా 15 దగ్గరా గేట్లుంటాయి, ఎంత ఊపుగా లాగినా అక్కడ ఆగుతుంది. "ఇక్కడ చెయ్యి ఆగిందంటే కన్ను స్పీడు మీదికి వెళ్ళాలి" అన్నారు. ఆ తర్వాత నేను పాఠం చెప్పిన పిల్లలందరికీ ఆ గేటు దగ్గర చెయ్యి ఆపి చూపించేదాన్ని. మీ జాయ్‌స్టిక్‌కి గేటు ఉండదు కాబట్టి మీరే ఆగాలి.

స్పీడు తగ్గించాల్సింది థ్రస్ట్‌తో (ఇంజిన్ల తోపుతో), దూరంతో. తగ్గిన స్పీడులో విమానాన్ని నిలబెట్టేది ఫ్లాప్స్. స్పీడు టేపు (తెర మీద స్పీడు చూపే నిలువు పట్టీ) మీద పచ్చగా అప్ (ఫ్లాప్స్ పూర్తిగా లోపల), 1, 5, 15 అని గుర్తులు కనబడతాయి. స్పీడు అప్ గుర్తు దగ్గరికి వస్తుంటే ఫ్లాప్స్ 1 అడగండి. 1 గుర్తు దగ్గరికి వస్తుంటే 5. ఫ్లాప్స్ 1కి హద్దు 250 నాట్లే అయినా, 245లో దించడం చట్టప్రకారం ఒప్పేమో కానీ పద్ధతి కాదు.

దీన్ని శంషాబాద్ మీద పెట్టి చూద్దాం. రన్‌వేకి 15 మైళ్ళ దూరంలో స్పీడు 210కి రావాలి. ఐడిల్‌లో, ఒకే ఎత్తులో వెళ్తుంటే మైలుకు రమారమి 10 నాట్లు తగ్గుతుంది. వాలు మీదికి దిగాక, చక్రాలు లోపలే ఉంటే, అది తగ్గనే తగ్గదు. మీకు టెన్షన్ వస్తున్నది అక్కడే. కాబట్టి 10 మైళ్ళ దగ్గర, ఆల్టిమీటర్ 5,200 చూపించే చోట, వాలు అందుకోకముందే ఫ్లాప్స్ 5తో 170 చుట్టుపక్కల ఉండండి. గ్లైడ్‌స్లోప్ (ఆ మూడు డిగ్రీల వాలు చూపే) గుర్తు కదలగానే చక్రాలు, ఫ్లాప్స్ 15. అది మధ్యకొచ్చాక ఫ్లాప్స్ 30, వీరెఫ్‌కి (ఆ బరువుకి లెక్కగట్టిన ల్యాండింగ్ స్పీడుకి) 5 కలిపిన స్పీడు. ఆ స్పీడు అందుతుండగానే థ్రస్ట్ ముందుకి తోయండి. చాలామంది ఇది మర్చిపోతారు. ఫ్లాప్స్ 30, చక్రాలు బయట ఉంటే గాలి పట్టి లాగుతుంది, ఇంజిన్లు ఐడిల్ నుంచి అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. మీ స్టిక్ షేకర్‌కి కారణం అదే. ఎన్1 (ఇంజిన్ ఫ్యాన్ తిరిగే వేగం) 55 శాతం దగ్గర పెట్టి చూడండి. ప్రతి ఫ్లాప్‌కీ ట్రిమ్ చెయ్యండి (ముక్కు దానంతటదే నిలిచేలా సరిచెయ్యండి), జాయ్‌స్టిక్‌ని నొక్కిపట్టి నెట్టుకురాకండి.

స్పీడ్‌బ్రేక్ (రెక్కల మీద లేచి స్పీడు తగ్గించే పలకలు) వాడొచ్చా అని కూడా మీకు అనిపించవచ్చు. ముందు దశలో వాడండి, ఫ్లాప్స్ 15కి వచ్చేసరికి మూసెయ్యండి.

ఈ వారం ల్యాండింగ్ జోలికి పోవద్దు. 6,000 అడుగుల్లో ఒకే ఎత్తులో తిన్నగా ఎగురుతూ ఒక్కో ఫ్లాప్ దించి, ముక్కు ఎన్ని డిగ్రీలుందో, ఎన్1 ఎంతుందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం నాకు పంపితే నేను చూస్తాను.

ప్రశ్న: ఎయిర్‌బస్ ఏ320లో స్పీడు టేపు మీద పచ్చ చుక్క, ఎస్, ఎఫ్ వస్తాయి. వాటికీ ఫ్లాప్స్‌కీ సంబంధం ఏమిటండీ? – ఒక గృహిణి, కాకినాడ

జవాబు: పచ్చ చుక్క ఫ్లాప్స్ లేనప్పటి స్పీడమ్మా. అక్కడికొచ్చి లీవర్ 1లో పెడితే ఎస్ వైపు తగ్గాలి. ఎస్ దగ్గర 2లో పెడితే ఎఫ్ వైపు. ఆపైన చక్రాలు, 3, ఫుల్. 1, 2, 3, ఫుల్‌కి హద్దులు వరసగా 230, 200, 185, 177 నాట్లు. చిన్న కాగితం మీద రాసి స్క్రీన్ పక్కన అంటించుకోండి, అసలు విమానంలోనూ అవి పైలట్ ఎదురుగా రాసే ఉంటాయి.