కాలనైజేషన్ ఆడుతున్న మేనకోడలికి

చిట్టీ,

అమెరికాలో యూరప్ వాళ్ల కాలనీలు కట్టే ఈ కంప్యూటర్ ఆటలో నువ్వు ఎంతవరకు వచ్చావో చూపే సేవ్ ఫైల్ పంపావుగా, తెరిచి చూశాను. 1530 నాటికే మూడు కాలనీలు కట్టావు, సంతోషం. కానీ అప్పుడే అక్కడి స్థానిక తెగ చెరోకీలతో యుద్ధం, గోడౌన్‌లో పొగాకు పాడైపోవడం, పొలంలో పని తెలిసినవాడు ఒక్కడూ లేకపోవడం చూస్తే బాధేసింది. ఈ మూడూ ఒకే పొరపాటు నుంచి వచ్చాయి. అక్కడి స్థానికుల ఊళ్లను నువ్వు అడ్డంకులుగా చూశావు తల్లీ.

1994లో ఈ ఆట వచ్చినప్పటి నుంచి ఆడుతున్నాను. ఇందులో అసలు సంపద వెండి కాదు, పని వచ్చిన మనిషి. యూరప్‌లో అలాంటి మనిషిని కొనాలంటే బోలెడు డబ్బు పోయాలి. అదే ఒక మామూలు వలసదారుణ్ణి స్థానికుల ఊరికి పంపి, వాళ్లతో ఉండనిస్తే చాలు, పొగాకో పత్తో చేపల వేటో నేర్చుకుని వస్తాడు. కూలి ఒప్పందం మీద వచ్చినవాడికీ నేర్పుతారు, నేరస్థుడికి మాత్రం నేర్పరు. ఒకసారి నేర్పిన ఊరు మామూలుగా మళ్లీ నేర్పదు కాబట్టి, ఏ ఊళ్లో ఏ పని తెలుసో స్కౌట్‌ని, అంటే ముందు వెళ్లి చూసొచ్చేవాణ్ణి, గుర్రం మీద తిప్పి ముందే కనుక్కో. నువ్వు తగలబెట్టిన ఊరు ఇంకెవరికీ ఏమీ నేర్పలేదు. పైగా దానికి స్కోరులో కూడా కోత పడుతుంది. వాళ్ల నేల మీద సాగు చేసేటప్పుడు డబ్బు చెల్లించమని ఆట అడిగితే చెల్లించు. ఆ నేల వాళ్లదే.

ఇక పొగాకు. మన దగ్గర రైతులు వర్జీనియా పొగాకు అంటారు కదా, ఆ వర్జీనియా ఈ ఆట జరిగే నేల మీదే ఉంది. బ్యారన్ కొట్టంలో వేడికి ఆరబెట్టిన ఆకు వేలానికి తీసుకెళ్తే, రేటు పడిపోయిన ఏడాది తాతయ్య ముఖం ఎలా ఉండేదో నువ్వూ చూశావు. ఇక్కడా అంతే. ఆకు ఆకులాగే అమ్మితే నీకు మిగిలేది తక్కువ, సిగార్లు చేసి అమ్మితే చాలా ఎక్కువ. ఆ పనిలో నిపుణుడు ఆరు చేస్తే మామూలు మనిషి మూడే చేస్తాడు. మొదట్లో ఒక్కో సరుకు వంద వరకే నిలవ ఉంటుంది, మిగతాది పాడైపోతుంది. కాబట్టి తోట పెంచే ముందు గోడౌన్ కట్టు. ఒకే సరుకు గుమ్మరించినా రేటు పడుతుంది. నువ్వు డచ్ వాళ్ల తరఫున ఆడుతున్నావు కనుక ఆ దెబ్బ కొంచెం తక్కువ, అయినా రెండు మూడు సరుకులు చేతిలో ఉంచుకో.

ఒక్క మాట. నిజమైన చరిత్రలో ఆ తోటల్లో చెమటోడ్చిన ఆఫ్రికా బానిసలు ఈ ఆటలో ఎక్కడా కనబడరు. ఆడేటప్పుడు ఆ సంగతి మనసులో పెట్టుకో.

యూరప్‌లోని నీ రాజు పన్ను పెంచుతానన్న ప్రతిసారీ టెన్షన్ పడకు. పన్ను మాటతో పాటు ఒక సరుకు పేరు వస్తుంది, అది నువ్వు అమ్మనిదైతే కాదను. ఆ సరుకు సముద్రంలో పడుతుంది, యూరప్‌లో దాని కొనుగోలు అమ్మకాలు ఆగిపోతాయి, నీకు పోయేదేమీ లేదు. సిగార్ల పేరు వస్తే మాత్రం పన్ను ఒప్పుకో.

స్వాతంత్ర్యం ప్రకటించడానికి జనంలో సగం మంది నీ వైపు ఉండాలి. దానికింకా చాలా టైముంది. ప్రస్తుతానికి రేవు పక్క కాలనీల్లో ముగ్గురేసి మనుషులు ఉండేలా చూసి కోట గోడలు కట్టు. ఫిరంగులు గోడల లోపలే ఉంచు, బయట మైదానంలో అవి బలహీనం.

ఇవాళే చేయాల్సింది ఒకటుంది. టౌన్ హాల్‌లో ఒకరిని కూర్చోబెట్టి లిబర్టీ బెల్స్, అంటే స్వేచ్ఛా గంటలు, పెంచు. ఆ గంటలతో నీ కాలనీల సభ అయిన కాంగ్రెస్‌లోకి ఎవరిని తీసుకుంటావని ఆట అడిగినప్పుడు, జాబితాలో ఉంటే స్థానిక తెగకు చెందిన చరిత్రలోని మహిళ పోకహాంటస్‌ని ఎంచుకో. ఆమె వస్తే స్థానికులకు నీ మీదున్న కోపం చల్లారుతుంది. చెరోకీల ఊళ్లకు నీ మనుషుల్ని మళ్లీ పంపొచ్చు. ఆ తర్వాతి సేవ్ ఫైల్ నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.

మామయ్య