కీమో తర్వాత ఇంట్లో ఏ లక్షణాలను గమనించాలి?

అమ్మకి మొదటి కీమో అయింది, దేనికి కంగారు పడాలో తెలియడం లేదన్నారు. ముందు ఇంట్లో థర్మామీటర్ ఉందో లేదో చూడండి.

కీమో మందులు రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జను కూడా దెబ్బతీస్తాయి. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు కీమో అయ్యాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య బాగా పడిపోతాయి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరినా, చలితో వణుకు వచ్చినా, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి ఫోన్ చేయండి. జ్వరం అనగానే పారాసెటమాల్ వేసేయడం మనకు అలవాటు. డాక్టర్‌ని అడగకుండా అది వద్దు. మాత్రతో జ్వరం కనిపించకుండా పోతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల ముదురుతూనే ఉంటుంది.

నీళ్లు కూడా నిలవనంత వాంతులు, ఆగని విరేచనాలు, మింగలేనంత నోటిపూత ఉంటే మర్నాటిదాకా ఆగకండి. చిగుళ్ల నుంచి రక్తం, చర్మంపై ఎర్రటి చుక్కలు వస్తే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు) తగ్గి ఉండవచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి అయితే నేరుగా ఎమర్జెన్సీకే.

అన్నిటికీ టెన్షన్ అక్కర్లేదు. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం మామూలే, అది మందు రంగు. ఆక్సాలిప్లాటిన్ అనే మందు అయితే ఫ్రిజ్ నీళ్లు ముట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి.

ఒక నోట్‌బుక్‌లో తేదీ, జ్వరం, ఎన్నిసార్లు వాంతి, ఎంత తిన్నారు రాయండి. కొన్ని కీమో మందులతో వచ్చే చేతివేళ్ల తిమ్మిరి గురించి 'ఎలా ఉంది?' అంటే అమ్మలు 'బానే ఉందిలే' అనేస్తారు. జాకెట్ హుక్స్ పెట్టుకోగలుగుతున్నారా అని అడగండి. తర్వాతి డోసు తగ్గించాలా అన్నది డాక్టర్ ఇలాంటివి చూసే నిర్ణయిస్తారు.